చెర నుండి వచ్చిన సాక్ష్యం

క్రీ.శ. 1580 అక్టోబరు మాసంలో, ఉత్తరాఫ్రికాలోని అల్జీర్సు నగరంలో ఒక స్పానిష్ సైనికుడు వింతైన పని ఒకటి చేపట్టాడు. అయిదేళ్ల బానిసత్వం తరువాత అంతకు కొద్ది వారాల క్రితమే అతనికి విముక్తి లభించింది. ఇక ఓడ ఎక్కి స్వదేశానికి మరలడమే తరువాయి. కాని అతడు వెంటనే బయలుదేరలేదు. ఆ నగరంలో తనను ఎరిగిన పన్నెండుమందిని సాక్షులుగా పిలిపించాడు. చెరలో తాను ఏ విధంగా నడచుకొన్నదీ, తన మతాన్ని నిలుపుకొన్నదీ లేనిదీ, తోటివారికి మేలు చేసిందీ కీడు చేసిందీ వారిచేత ప్రమాణపూర్వకంగా చెప్పించాడు. ఆ వాఙ్మూలాలన్నింటినీ వ్రాయించి, భద్రంగా వెంట తీసుకొని మరీ స్వదేశానికి వెళ్లాడు. ఆ సైనికుడే మిగ్వెల్ దె సెర్వాంతెస్. పాతికేళ్ల తరువాత, 1605లో, ‘డాన్ కిహోటే’ నవల మొదటి భాగాన్ని వెలువరించి ప్రపంచసాహిత్యంలో శాశ్వతస్థానాన్ని సంపాదించుకొన్న రచయిత ఆయన.

బానిసత్వంలో మగ్గి బయటపడిన మనిషి తన నిర్దోషిత్వాన్ని తానే నిరూపించుకోవలసిన అవసరం ఎందుకు కలిగింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదికితే, మూడు శతాబ్దాలకు పైగా మధ్యధరా సముద్రాన్ని కలవరపరచిన ఒక చరిత్ర మన కళ్లకు కడుతుంది. ఆ చరిత్రలో నుండి పుట్టిన ఒక విశిష్టమైన రచనాప్రక్రియ కూడా మనకు పరిచయమవుతుంది. అవే బందీలు వ్రాసిన ఆత్మకథనాలు.

పదహారవ శతాబ్దం నుండి పందొమ్మిదవ శతాబ్దం తొలిపాదం వరకు అల్జీర్సు, ట్యునిస్, ట్రిపోలీ నగరాలు, మొరాకో తీరంలోని సలే రేవు సముద్రదాడులకు ప్రధాన స్థావరాలుగా ఉండేవి. వీటిలో మొదటి మూడు నామమాత్రంగా తురుష్క ఒట్టోమన్ సామ్రాజ్యానికి లోబడి ఉండేవి. ఈ తీరాన్ని ఐరోపావారు ‘బార్బరీ తీరం’ అని వ్యవహరించారు. ఇక్కడి నుండి బయలుదేరి ఓడలపైన, తీరగ్రామాలపైన దాడులు చేసినవారిని ‘కోర్సేర్లు’ అంటారు. వీరిని సాధారణమైన ఓడదొంగలుగా భావించరాదు. ఓడదొంగ ఏ ప్రభుత్వానికీ చెందడు, దొరికిన ఓడనెల్లా దోచుకొంటాడు. కోర్సేరు మాత్రం తన పాలకుని అనుమతితో, శత్రుదేశాల ఓడలను పట్టుకొంటాడు. కొల్లగొట్టిన ధనంలోనూ, పట్టుకొన్న మనుషులలోనూ పాలకునికి వాటా చెల్లిస్తాడు.

ఈ దాడుల వెనుక మతవైరంతోపాటు రాజకీయ, ఆర్థిక కారణాలు కూడా ఉన్నాయి. 1492లో స్పెయిన్‌లోని చివరి ముస్లిం రాజ్యమైన గ్రనడా పతనమైంది. 1609 నుండి 1614 వరకు స్పెయిన్ ప్రభుత్వం మోరిస్కోలను, అనగా క్రైస్తవం స్వీకరించిన ముస్లింల సంతతివారిని, దేశం నుండి వెళ్లగొట్టింది. ఇల్లూ వాకిలీ కోల్పోయి ఉత్తరాఫ్రికా చేరినవారిలో కొందరు సలే రేవులో స్థిరపడి కోర్సేర్లయ్యారు. మరొకవైపు, ఐరోపా నుండి వచ్చి మతం మార్చుకొన్న నావికులు కూడా ఈ వృత్తిలో రాణించారు. హాలెండుకు చెందిన యాన్ యాన్సూన్ అనే నావికుడు మురాద్ రయీస్ అనే పేరుతో పేరుమోసిన కోర్సేరు నాయకుడయ్యాడు. కనుక దీనిని కేవలం రెండు మతాల నడుమ జరిగిన పోరాటంగా భావించడం సరికాదు.

పట్టుబడినవారి గతి ఏమయ్యేది? రేవు చేరగానే వారిని విపణివీథికి తరలించేవారు. కొనుగోలుదారులు వారి చేతులు, పళ్లు, కండపుష్టి పరీక్షించి బేరమాడేవారు. బలిష్ఠులైనవారు తెడ్ల ఓడలలో గొలుసులతో బంధింపబడి తెడ్లు వేసేవారు. కొందరు రాళ్లు మోసేవారు, కోటగోడలు కట్టేవారు. వడ్రంగులకు, ఓడలు నిర్మించే పనివారికి గిరాకీ ఎక్కువ. స్త్రీలు, పిల్లలు ఎక్కువగా ఇళ్లలో ఊడిగానికి పోయేవారు. రాత్రివేళ అనేకులను ‘బాన్యో’ అనే పెద్ద బందిఖానాలలో నిర్బంధించేవారు. ఉన్నత కుటుంబాలకు చెందినవారని తోచిన బందీలను విమోచన ధనం కోసం ప్రత్యేకంగా అట్టిపెట్టేవారు. బందీ శ్రమ ఒక ఆదాయం కాగా, అతని విడుదలకు చెల్లించే సొమ్ము మరొక ఆదాయం.

ఆ ధనం సమకూర్చడానికి ఐరోపాలో ప్రత్యేక వ్యవస్థలే ఏర్పడ్డాయి. 1198లో స్థాపితమైన ట్రినిటేరియన్ సన్యాసుల సంఘం, 1218లో బార్సిలోనాలో స్థాపితమైన మెర్సిడేరియన్ సంఘం బందీల విమోచననే తమ ప్రధానకర్తవ్యంగా స్వీకరించాయి. వారు ఊరూరా చందాలు పోగుచేసి, సముద్రం దాటి వెళ్లి, బేరమాడి బందీలను విడిపించేవారు. ఇంగ్లండులోనూ చర్చిలలో ఇందుకోసం విరాళాలు సేకరించేవారు. ధనవంతుని కుమారుడు త్వరగా విడుదలయ్యేవాడు. పేద జాలరి కొడుకు ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. ఆ ఎదురుచూపులోనే అనేకులు కన్నుమూశారు.

సెర్వాంతెస్ విషయంలో అదృష్టంగా కనిపించినదే దురదృష్టమైంది. 1571లో లెపాంటో నౌకాయుద్ధంలో ఆయన ఎడమచేయి చచ్చుబడింది. 1575లో నేపుల్స్ నుండి స్వదేశానికి తిరిగివస్తుండగా కోర్సేర్లు ఆయనను, సోదరుడు రోడ్రిగోను పట్టుకొన్నారు. అప్పుడు ఆయనవద్ద గొప్పవారు వ్రాసి ఇచ్చిన సిఫారసు ఉత్తరాలున్నాయి. వాటిని చూచినవారు ఆయన ఎంతో ఉన్నతుడని తలచి విమోచన ధనాన్ని అమాంతం పెంచారు. 1577లో రోడ్రిగో విడుదలయ్యాడు గాని, మిగ్వెల్‌కు విడుదల లభించలేదు. ఆయన నాలుగుసార్లు పారిపోవడానికి యత్నించి నాలుగుసార్లూ విఫలుడయ్యాడు. పట్టుబడిన ప్రతిసారీ నేరమంతా తనదేనని చెప్పి తోటివారిని కాపాడజూచాడు. చివరకు 1580 సెప్టెంబరులో, కాన్‌స్టాంటినోపుల్‌కు తరలించడానికి ఆయనను ఓడ ఎక్కించిన సమయంలో, ట్రినిటేరియన్ సన్యాసి హ్వాన్ హిల్ అయిదువందల బంగారు నాణేలు చెల్లించి విడిపించాడు. కుటుంబం కూడగట్టిన సొమ్ము చాలకపోగా, మిగిలినదానిని ఆ సన్యాసే ఇతర నిధుల నుండి సమకూర్చాడు.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. చెర నుండి తిరిగివచ్చినవానిని స్వదేశీయులు జాలితో మాత్రమే చూడలేదు, అనుమానంతో కూడా చూచారు. ‘ఇన్నేళ్లు శత్రువుల నడుమ ఎట్లా బ్రతికాడు? మతం మార్చుకొన్నాడా? మనవారిని పట్టి ఇచ్చాడా?’ అనే శంకలు అతనిని వెన్నాడేవి. అందుచేత బందీ వ్రాసిన కథనం కేవలం అనుభవవర్ణన కాదు, అది ఒక సంజాయిషీ కూడా. ఈ రచనలను చదివేటప్పుడు ఈ సత్యాన్ని మరువరాదు.

ఈ దాడులు మధ్యధరా ప్రాంతానికే పరిమితం కాలేదు. 1627 వేసవిలో కోర్సేర్ల ఓడలు ఆర్కిటిక్ వలయానికి సమీపంలోని ఐస్‌లాండు ద్వీపాన్ని కూడా చేరుకొన్నాయి. అక్కడి వెస్ట్‌మన్ దీవుల నుండి సుమారు 240 మందిని చెరపట్టి అల్జీర్సుకు తరలించాయి. ఆ బందీలలో ఓలావుర్ ఎగిల్సన్ అనే అరవై ఏళ్లు దాటిన క్రైస్తవ మతాచార్యుడు ఉన్నాడు. గర్భవతియైన ఆయన భార్య ఓడలోనే ప్రసవించింది. పసికందును చుట్టడానికి బట్ట లేకపోతే, చెరపట్టినవారిలోనే ఇద్దరు తమ పాత చొక్కాలు ఇచ్చారని ఓలావుర్ తన గ్రంథంలో నమోదు చేశాడు. తనకు సర్వనాశనం కలిగించినవారిలో కూడా కనిపించిన ఆ కొద్దిపాటి దయను దాచక చెప్పడం ఆయన సత్యసంధతకు నిదర్శనం.

అల్జీర్సులో ఓలావుర్ పదకొండేళ్ల కుమారుని అక్కడి పాలకుని వాటా కింద ఎంపిక చేసి, తండ్రి కళ్లముందే వేరుచేశారు. కొద్దికాలానికి ఓలావుర్‌ను మాత్రం విడిచిపెట్టారు. డెన్మార్కు రాజువద్దకు వెళ్లి మిగిలినవారికోసం విమోచన ధనం తేవాలన్నది అందులోని ఉద్దేశం. భార్యాబిడ్డలను వదలి ఆ వృద్ధుడు ఇటలీ, ఫ్రాన్సు, హాలెండుల మీదుగా డెన్మార్కు చేరాడు. కాని అప్పటికి యుద్ధంతో రాజు ఖజానా వట్టిపోయింది. ఆయన 1628లో రిక్తహస్తాలతో ఇల్లు చేరి, తన యాత్రను గ్రంథస్థం చేశాడు. తొమ్మిదేళ్ల తరువాత, 1637లో, విమోచన పొంది స్వదేశం చేరిన కొద్దిమందిలో ఆయన భార్య ఉన్నది. బిడ్డలు మాత్రం తిరిగిరాలేదు. ఆమెకు మరో రెండేళ్ల తోడు మాత్రమే మిగిలింది. 1639లో ఓలావుర్ మరణించాడు.

విలియం ఓక్లీ అనే ఆంగ్లేయుని కథ మరొక రీతిది. 1639లో పట్టుబడి అల్జీర్సులో అయిదేళ్లు బానిసగా ఉన్న ఓక్లీ, యజమాని అనుమతితో చిన్న దుకాణం నడిపేవాడు. ఆ దుకాణపు నేలమాళిగలోనే రహస్యంగా, విడదీసి మోసుకుపోవడానికి వీలైన పడవ ఒకటి తయారుచేశాడు. కొయ్య చట్రానికి కాన్వాసు గుడ్డ బిగించి, నీరు చొరకుండా తారు పూసిన పడవ అది. 1644లో సహచరులతో కలిసి ఆ ముక్కలను ఒక్కొక్కటిగా సముద్రతీరానికి చేర్చి, చీకటిలో కూర్చుకొన్నాడు. పడవ అందరి బరువునూ మోయలేకపోవడంతో ఇద్దరు ఒడ్డుననే ఉండిపోయారు. మిగిలిన అయిదుగురు నీరు తోడిపోస్తూ, ఆకలిదప్పులతో అలమటిస్తూ, కొన్ని రోజులకు మయోర్కా దీవి చేరారు. ఈ గాథను ఓక్లీ 1675లో ప్రచురించాడు.

సాహసం కంటె గొప్ప అంశం ఒకటి ఆ పుస్తకంలో ఉన్నది. ఓక్లీ చివరి యజమాని దయాళువు. సొమ్ముపోసి కొన్న యజమానిని విడిచి పారిపోవడం దొంగతనం కాదా అని ఓక్లీ తనను తాను ప్రశ్నించుకొన్నాడు. చాలా తర్కించుకొని, క్రయవిక్రయ పత్రాలకు లోబడే వస్తువు కాడు మనిషి అనీ, ఆ బేరాలలో ఏ ఒక్కదానికీ తన సమ్మతి ఎవరూ అడగలేదనీ, కనుక యజమాని హక్కు పునాదిలోనే చెల్లదనీ నిర్ధారించుకొన్నాడు. మానవ స్వేచ్ఛను గురించి ఇంత స్పష్టంగా ఆలోచించిన ఆ మనిషి, పట్టుబడిననాడు ప్రయాణిస్తున్నది కరిబియన్ సముద్రంలోని ప్రావిడెన్స్ దీవి అనే ఆంగ్ల వలసకు! అక్కడ అప్పటికే ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసలు పెద్దసంఖ్యలో పనిచేస్తున్నారు. 1638లో వారు తిరుగుబాటు కూడా చేశారు. తన సమ్మతి లేని బేరం చెల్లదన్న న్యాయం వారికి కూడా వర్తించాలి కదా! ఆ మాట మాత్రం ఓక్లీ కలం నుండి వెలువడలేదు.

జోసెఫ్ పిట్స్ అనే ఆంగ్ల బాలుడు 1678లో పట్టుబడినప్పుడు ఇంచుమించు పదిహేనేళ్లవాడు. ఒక యజమాని అరికాళ్లపై కొట్టించి అతనిని మతం మార్చాడు. తరువాతి యజమాని మాత్రం అతనిని బిడ్డవలె చూచుకొన్నాడు, మక్కా యాత్రకు వెంట తీసుకొనిపోయాడు, అక్కడే బానిసత్వం నుండి విముక్తి కూడా ప్రసాదించాడు. ఇంగ్లండుకు తప్పించుకొని వచ్చిన పిట్స్ 1704లో తన అనుభవాలను ప్రచురించాడు. ఒక ఆంగ్లేయుడు మక్కా యాత్రను కన్నులార చూచి వ్రాసిన తొలి వర్ణన అది. ప్రవక్త సమాధి అయస్కాంతశక్తితో గాలిలో తేలుతూ ఉంటుందని ఐరోపాలో ప్రచారంలో ఉన్న కట్టుకథను ఆయన ఖండించాడు. ఒకవైపు తన మతమార్పిడికి పశ్చాత్తాపం ప్రకటిస్తూ, మరొకవైపు చూచినదానిని చూచినట్లు చెప్పడానికి ఆయన పడిన సంఘర్షణ ఆ పుస్తకంలో అడుగడుగునా గోచరిస్తుంది.

స్త్రీలు వ్రాసిన కథనాలు చాలా అరుదు. 1756లో జిబ్రాల్టర్ నుండి ఇంగ్లండుకు పయనిస్తూ మొరాకో నావికులకు చిక్కిన ఎలిజబెత్ మార్ష్ ఆ కొద్దిమందిలో ఒకరు. ఓడలు నిర్మించే వడ్రంగి కుమార్తె అయిన ఆమెకు అప్పటికి ఇరవయ్యేళ్లు. అవివాహితగా ఉంటే ప్రమాదమని భావించి, సహప్రయాణికుడైన జేమ్స్ క్రిస్ప్ భార్యనని చెప్పుకొన్నది. తరువాతి కాలంలో నిజంగానే అతనిని వివాహమాడింది. కొన్ని నెలలకే విడుదలైనప్పటికీ, లోకుల నోళ్లకు జంకి కాబోలు, 1769లో తన గ్రంథాన్ని పేరు చెప్పకుండానే ప్రచురించింది. ఆమె జీవితానికి మన ప్రాంతంతో కూడా కొంత సంబంధం ఉన్నది. భర్త ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరడంతో ఆమె భారతదేశానికి వచ్చింది. 1774-76 నడుమ కలకత్తా నుండి మద్రాసుకు ఓడలోనూ, మద్రాసు నుండి తూర్పుతీరం మీదుగా తిరిగి ఢాకాకూ ప్రయాణించి దినచర్య వ్రాసింది. తెలుగువారు నివసించే తీరభూములు ఆ దారిలోనివే. ఆమె 1785లో కలకత్తాలో మరణించింది.

ఈ రచనలన్నింటినీ ఒకచోట పెట్టి పరిశీలిస్తే కొన్ని విషయాలు తేటపడతాయి. మొదటిది, ఇవి తిరిగివచ్చినవారి మాటలు. అక్కడే మరణించినవారు, అక్కడే స్థిరపడిపోయినవారు తమ కథ చెప్పలేదు. రెండవది, వీటిని వ్రాసినవారికి పాఠకుల మెప్పు అవసరం. కనుక క్రూరత్వాన్ని పెంచి చెప్పడానికీ, తమ విశ్వాసాన్ని గొప్పచేసి చూపడానికీ అవకాశం ఉన్నది. మూడవది, ఇంత జరిగినా వీటిలో అనుకోకుండా బయటపడే చిన్న చిన్న వాస్తవాలు, అనగా పాత చొక్కాలు, నేలమాళిగలోని పడవ వంటివి, అమూల్యమైన చారిత్రక సాక్ష్యాలు. ఇక సంఖ్యల విషయానికి వస్తే, 1530 నుండి 1780 వరకు బార్బరీ తీరంలో బానిసలైన ఐరోపావారు పది లక్షల నుండి పన్నెండున్నర లక్షల వరకు ఉంటారని రాబర్ట్ డేవిస్ అనే చరిత్రకారుడు 2003లో అంచనా వేశాడు. ఇది చాలా ఎక్కువ అని అభిప్రాయపడిన పండితులూ ఉన్నారు.

బానిసలుగా మారినది ఐరోపావారు మాత్రమే కాదన్నది కూడా గ్రహించాలి. మాల్టా దీవికి చెందిన క్రైస్తవ నౌకాయోధులు ముస్లింల ఓడలపై ఇదే విధంగా దాడులు చేసేవారు. మాల్టా, లివోర్నో రేవులలో ముస్లిం బానిసలు ఉండేవారు. ఫ్రాన్సు రాజు తెడ్ల ఓడలలోనూ వారు గొలుసులతో తెడ్లు వేశారు. అదే కాలంలో అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా అమెరికా ఖండాలకు తరలించడానికి ఓడలకెక్కించిన ఆఫ్రికన్ల సంఖ్య దాదాపు కోటీ ఇరవై అయిదు లక్షలని చరిత్రకారుల అంచనా. బార్బరీ తీరంలో ధనం చెల్లించి విడుదల పొందే మార్గం ఒకటి ఉండేది. అట్లాంటిక్ బానిసత్వం వర్ణం ఆధారంగా తల్లి నుండి బిడ్డకు సంక్రమించేది. ఒక దురన్యాయాన్ని చూపి మరొకదానిని తక్కువచేయడం చరిత్రకారుని ధర్మం కాదు. రెండింటినీ ఒకే త్రాసులో తూచడం అతని విధి.

అట్లా తూచి చూపిన మహనీయుడు అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1790లో బానిస వ్యాపారాన్ని నిలిపివేయాలన్న విన్నపాలు అమెరికా కాంగ్రెసు ముందుకు వచ్చాయి. ఒక సభ్యుడు బానిసత్వాన్ని గట్టిగా సమర్థించాడు. దానికి ప్రతిగా ఫ్రాంక్లిన్ ఒక పత్రికకు వ్యంగ్యలేఖ వ్రాశాడు. అందులో ఒక కల్పిత అల్జీర్సు పెద్దమనిషి, క్రైస్తవులను బానిసలుగా ఉంచుకోవడం ఎంత సమంజసమో, ఆ అమెరికన్ సభ్యుడు వాడిన తర్కంతోనే నిరూపిస్తాడు. ‘వారు లేకపోతే మా పొలాలు ఎవరు దున్నుతారు?’ అన్న ధోరణిలో సాగిన ఆ వాదం చదివిన అమెరికన్లకు తమ ముఖమే అద్దంలో కనిపించింది. అప్పటికి కొందరు అమెరికన్ నావికులు నిజంగానే అల్జీర్సులో బందీలుగా ఉన్నారు. ఈ లేఖ వెలువడిన నెలలోపే ఫ్రాంక్లిన్ కన్నుమూశాడు.

1816 ఆగస్టు 27న ఆంగ్ల, డచ్చి నౌకాదళాలు అల్జీర్సుపై ఫిరంగులతో దాడి చేసి, వెయ్యిమందికి పైగా బందీలను విడిపించాయి. క్రైస్తవులను బానిసలుగా చేసుకోబోమని అక్కడి పాలకుడు అంగీకరించాడు. 1830లో ఫ్రాన్సు అల్జీర్సును ఆక్రమించడంతో కోర్సేర్ల యుగం ముగిసింది. అయితే విమోచకుల వేషంలో వచ్చిన ఆ ఆక్రమణ, అల్జీరియా ప్రజలకు 1962 వరకు పరాయి పాలనను తెచ్చిపెట్టింది. బందీల గాథలను ఆ దండయాత్రలకు సమర్థనగా వాడుకొన్నవారు కూడా లేకపోలేదు.

సెర్వాంతెస్ తన వెంట తెచ్చుకొన్న పన్నెండుమంది వాఙ్మూలాలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఓలావుర్ గ్రంథాన్ని ఐస్‌లాండు ప్రజలు నేటికీ చదువుతున్నారు. కాని ఆ మతాచార్యుని పదకొండేళ్ల కుమారుడు అల్జీర్సులో ఎట్లా పెరిగాడో, ఏ భాషలో మాట్లాడాడో, తండ్రిని తలచుకొన్నాడో లేదో చెప్పే గ్రంథం లేదు. ప్రావిడెన్స్ దీవిలో తిరగబడిన ఆఫ్రికన్లు వ్రాసిన గ్రంథమూ లేదు. చెర నుండి వెలువడిన ప్రతి సాక్ష్యాన్నీ శ్రద్ధతో చదవాలి. చదువుతున్నప్పుడు, ఆ పుటలలో మాట్లాడే అవకాశం దక్కనివారిని కూడా తలచుకోవాలి. మనిషిని అమ్మే బేరానికి ఆ మనిషి సమ్మతి ఎన్నడూ లేదన్న ఓక్లీ మాట అప్పుడే అందరి మాట అవుతుంది.